ఉడకని బావి

ఇగో బిడ్డా, ఆ గడప మీద కూర్చుంటే సగం మాట గాలికి పోతుంది. జర దగ్గరికి జరుగు. కాళ్లు చాపుకో, ఏం కాదు. ఇది మన సుద్దబావిగూడెం ముచ్చట. నైజాం పోయి పదేండ్లు కావస్తున్నది, బ్లాకు ఆఫీసులు కొత్తగా పెట్టారు. తేదీ నన్ను అడగకు. కొత్త జొన్నలు ఇంటికొచ్చాయి, కందిచేలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మార్గశిరం అన్నమాట. ఈ కందిచేల సంగతి యాదిలో పెట్టుకో, ముందు ముందు పనికొస్తుంది.

ఆ పొద్దున నర్సింగమ్మ అనుకున్న పని ఒక్కటే, కల్లం నుంచి వచ్చిన జొన్నలు చెరిగి గుమ్మిలో పోయడం. నలభై అయిదేండ్లకే ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి, పండ్ల మీద పసుపు గీతలు పడ్డాయి. అది ఆమె ఒక్కదాని కష్టం కాదు. ఊరి బావి నీళ్లు తాగినవాళ్లందరికీ పండ్లు పచ్చబడేవి, నడుములు వంగేవి. తీపినీళ్లు కావాలంటే కోసెడు దూరం నడిచి, వాగు ఇసుకలో తవ్విన చెలిమ దగ్గర కూర్చొని, ఊరిన నీళ్లు ఊరినట్టు చిప్పతో తోడుకోవాలి. ఇదివరకు నర్సింగమ్మే పోయేది. మోకాళ్లు పట్టాక కోడలు ఉప్పలమ్మ పోతున్నది. చీకటితో పోతే పొద్దెక్కినాక రెండు బిందెలు తెచ్చేది. ఒకటి పటేల్ కిష్టయ్య ఇంటికి, ఒకటి తమ ఇంటికి.

ఉప్పలమ్మకు ఆరో నెల. నెత్తి మీద బిందె, చంకలో బిందె పెట్టుకొని ఆ పిల్ల వస్తుంటే నర్సింగమ్మ కుంటుతూనే ఎదురుపోయి ఒక బిందె అందుకునేది. పుట్టబోయే బిడ్డకు ఈ పండ్లు రావొద్దు, ఈ మోకాళ్లు రావొద్దు. ఆమె కోరిక అంతే. ఊరి పక్కనే పటేల్ సెలకలో, ఆయన మెట్టచేనులో, వానాకాలం ఊట పడుతుంది, ఆ నీళ్లు తీపి. అక్కడ ఒక బావి తవ్వితే చాలు. కానీ ఆ మాట ఎవరితో అనాలి? అడిగినవాళ్లు ఎవరు?

అడిగేవాడు ఆ పొద్దున్నే సైకిల్ దిగాడు. గ్రామసేవకుడు రామచంద్రయ్య, నల్లగొండ పట్నం పిల్లవాడు. మంచివాడు. ట్రైనింగ్ అయి మూడు నెలలు, చేను చూసింది కూడా మూడు నెలలే. సైకిల్ వెనక మూడు కొత్త కుండలు కట్టుకొచ్చాడు.

"అమ్మా, మీ అరుగు జర ఇయ్యాలె. పగటాల్లకు బీడీవో సారు వస్తున్నడు. మన దిక్కు ఊర్లన్నిటికీ అభివృద్ధి ప్లాను రాస్తరట."

"రాసుకోనియ్యి సారూ. దానికి నా అరుగెందుకు?"

"ఇదివరకు లెక్క పటేల్‌ను ఒక్కన్నే అడిగి రాసుడు గాదమ్మా. ఎవుసం చేసేటోళ్లను, కల్లు గీసేటోళ్లను, కూలోళ్లను, ఆడోళ్లను, అందరినీ అడగాలె. పటేల్ ఇంటికాడ పెడితే కూలోళ్లు రారు. కల్లు మండువల పెడితే ఆడోళ్లు రారు. మీ అరుగైతే ఎవలకూ భయం లేదు."

కుండలు మూడు వరుసగా పెట్టాడు. చదువు రానివాళ్లు కూడా చెప్పుకునేలా ఆయన రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కట్టాడు. ఊరివాళ్లు అదివరకు ఏవేవో అడిగారు, అందులో మూడు మిగిలాయి. రోడ్డు కావాలన్నవాళ్లు మొదటి కుండలో ఒక జొన్నగింజ వేయాలి. ఊరికి రేడియో కావాలన్నవాళ్లు రెండో కుండలో ఒక ఉలవగింజ. బావి కావాలన్నవాళ్లు మూడో కుండలో ఒక కందిగింజ. ఇంటికి ఒక్క గింజ. సాయంత్రం బీడీవో గారి ముందు లెక్కపెట్టడం.

నర్సింగమ్మ చాట కింద పెట్టింది. "బావి గూడ ఉన్నదా సారూ అందుల?"

"ఉన్నదమ్మా. కందులు."

"కందులా! కందులు ఇంక చేన్లనే ఉన్నయి గద సారూ. పోయినేటియి ఎవలింట్ల మిగిలినయి?"

"ఒక్క గింజే గదమ్మా."

"ఒక్క గింజైనా కాయ ఎండినంకనే గద వచ్చేది! వేరే గింజ పెట్టు సారూ."

"కాయితం మీద రాసి పైకి పంపిన్నమ్మా. ఇగ మార్చరాదు," అని ఆయన తలపట్టుకొని, అంతలోనే ధైర్యం తెచ్చుకొని, డప్పు పోచయ్యకు సంగతంతా రెండుసార్లు వివరంగా చెప్పి, బీడీవోను తీసుకురావడానికి బస్సు రోడ్డుకు సైకిల్ తొక్కాడు.

పోచయ్య సంగతంతా విన్నాడు. కానీ డప్పు మీద ఆయన ఏనాడూ మూడు ముక్కలకు మించి చెప్పి ఎరుగడు. నాలుగో ముక్కకు దమ్ము చాలదు. వాడవాడ తిరిగి ఇలా చాటాడు: "ఆఫీసరు వస్తున్నడహో! నర్సింగమ్మ అరుగు మీద కుండలు పెట్టిండ్రహో! ఇంటింటికి గింజలు తెచ్చి పొయ్యాలెహో!"

ఇక చూడు. నైజాం కాలంలో తాసీల్దారు వచ్చినా, అమీను వచ్చినా, వాళ్ల మనుషులు తినడానికి ఊరంతా గింజలు పోయాల్సిందే. పోయకుంటే వీపు పగిలేది. పదేండ్లయినా వీపులకు ఆ సంగతి బాగానే యాదికుంది. ఒక్క గింజ పట్టుకొని ఎవరైనా ఆఫీసరు ముందుకు పోతారా? తవ్వెడు, రెండు తవ్వలు, అందరూ కొత్త జొన్నలే తెచ్చారు. ఇంట్లో ఉన్నవి అవే కదా. గడియ తిరగకముందే జొన్నల కుండ నిండి, పక్కన గోనెసంచి పరిచి, ఆ సంచి కూడా నిండి, రెండోది తెచ్చారు.

"ఓ బీరమ్మా, ఇన్ని జొన్నలెందుకు పోస్తున్నవే? రోడ్డుకు ఓటేస్తున్నవా?" అని నర్సింగమ్మ మొత్తుకున్నది.

"రోడ్డుకు జొన్నలెందుకే? రోడ్డు తింటదా? ఆఫీసర్లకే గద!" అని బీరమ్మ ఖాళీ తవ్వ దులుపుకొని పోయింది.

పటేల్ కిష్టయ్య ఆ దారిన వచ్చాడు. ఆయనకు రోడ్డు కావాలి. పంట బండ్లు కల్వకుర్తి అంగడికి చేరేసరికి రెండు ఇరుసులు విరుగుతున్నాయని ఆయన బాధ. రెండు సంచుల జొన్నలు చూసి మీసం మీద చేయి వేశాడు. "చూసినవా నర్సింగమ్మా, నేను ఒక్క మాట చెప్పకుంటనే ఊరంత రోడ్డంటాంది."

కల్లుగీసే కాటమయ్యకు ఈ సంగతి తాటిచెట్టు మీద తెలిసింది. ఆయనకు రేడియో కావాలి. రేడియో మండువ దగ్గర పెడితే, పాట అయిపోయేదాకా ఎవరూ లేవరు, లేవనివాళ్లు ఊరికే కూర్చోరు. చెట్టు దిగి, ఇంట్లో ఎడ్లకోసం దాచిన ఉలవలు అరసంచి మోసుకొచ్చి అరుగు మీద దించాడు.

"ఇంటికి ఒక్క గింజనే కాటమయ్యా!"

"వాళ్లవి రెండు సంచులున్నయి. నాది అరసంచి. న్యాయం నువ్వే చెప్పు," అన్నాడు.

నర్సింగమ్మ కందుల కుండలోకి చూసింది. అడుగున ఒక చీమ తిరుగుతున్నది. ఇంట్లో మట్టి కుండలన్నీ వెదికినా ఒక్క కందిగింజ లేదు. పోయినేటి కందులు ఊరిలో ఉన్నది ఒక్క ఇంట్లోనే, అదీ పటేల్ ఇంట్లో. మోకాళ్లు పట్టుకొని లేచి, వెనక దర్వాజా నుంచి పటేల్ భార్య అరుణమ్మ దగ్గరికి పోయింది.

"అక్కా, ఒక్క గుప్పెడు కందులు ఇయ్యి. బావికి ఓటెయ్యాలె."

అరుణమ్మ ముందు గదివైపు ఒకసారి చూసింది. పటేల్ లేడు. "గుప్పెడేందే? మానెడు తీస్కపో. ఆయనకు చెప్పకు. దినాం నీ కోడలు నీళ్లు తేకపోతే నా పొయ్యి మీద పప్పు ఏనాడన్న ఉడికిందా?"

నర్సింగమ్మ మానెడు కందులు కొంగులో తెచ్చి కుండలో పోసింది. ఎర్రగా, నిండుగా, చూడముచ్చటగా ఉన్నాయి. కానీ పక్కన రెండు సంచుల రోడ్డు! ఇది గింజలతో గెలిచేది కాదు, ఆడోళ్లను పిలిచి ఆఫీసరు ముందు నోటితోనే చెప్పించాలి అనుకొని, కుంటుకుంటూ వాడల్లోకి నడిచింది. అరుగు మీద మనిషి లేడు.

మనిషి లేడు కానీ పటేల్ ఎద్దు వచ్చింది. దానికి ఉలవలంటే ప్రాణం. కాటమయ్య సంచి మూతి కట్టకుండా పోయాడు. అది మూతి లోపల పెట్టి, అడుగు కనిపించేదాకా తల ఎత్తలేదు.

ఎద్దు పోయాక ఉప్పలమ్మ వచ్చింది. ఒక బిందె అరుణమ్మకు ఇచ్చి, రెండో బిందెతో ఇంటికొచ్చేసరికి అరుగు నిండా జొన్నలు, కుండలో కందులు, అత్త లేదు. తెల్లవారకముందే వాగుకు పోయిన పిల్లకు గింజల సంగతి ఏం తెలుసు? పోచయ్య డప్పు భుజాన వేసుకొని ఎదురొచ్చాడు.

"ఏందే మామా, ఈ గింజలు?"

"ఆఫీసరు వస్తుండు బిడ్డా. ఊరంత పోసింది."

"అయ్యో, మరి వండేదెవలు?"

"అరుగు ఎవలదో వాళ్లే గావచ్చు," అని పోచయ్య తన దారిన పోయాడు.

ఉప్పలమ్మ కొంగు బిగించింది. పక్కింటి ఈదమ్మను పిలిచింది. ఈదమ్మ సంచులు లోపలికి ఈడ్చినాక ఇద్దరూ ఇసుర్రాయి ముందు కూర్చొని జొన్నలు విసిరారు. పొయ్యి మీద కందిగుడాలకు, అంటే గుగ్గిళ్లకు, ఎసరు పెట్టింది. తీపినీళ్లు ఒక్క బిందె. అది ఆఫీసరు తాగడానికి ఉండాలి కదా, ఇంటి మర్యాద పోతుంది. అందుకని వంటకు ఊరి బావి నీళ్లే పోసింది.

అక్కడ బీడీవో గారి జీపు వాగులో దిగబడింది. ఆయన కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, మెత్తటి మనిషి, మెత్తటి చెప్పులు. కోసెడు దూరం రాళ్లలో నడిచి ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అరుగు ముందు కాటమయ్య, పటేల్ ఒకరి కండువా ఒకరు పట్టుకొని ఉన్నారు.

"నీ ఎద్దు నా రేడియో తిన్నది! కక్కించు!"

"ఎద్దుకేం తెల్సు రేడియో సంగతి! సంచి మూతి కట్టనోనిది తప్పు!"

బీడీవో గారు అరుగు మీద కూలబడి చెప్పులు విప్పారు. "ఈ ఊరికి ముందు రోడ్డు వేయాలయ్యా రామచంద్రయ్యా. వేరే ఆలోచన లేదు," అన్నారు. పటేల్ కండువా సర్దుకున్నాడు. అప్పుడే వాడల నుంచి ఆడవాళ్లను వెంటేసుకొని వచ్చిన నర్సింగమ్మ ఆ మాట విన్నది. నిలబడ్డచోటే నిలబడిపోయింది.

"సరే, అయినా పద్ధతి ప్రకారం చూద్దాం. ప్రజాభిప్రాయం ఎక్కడ?"

రామచంద్రయ్య అరుగు చూశాడు. ఒక్క కుండా లేదు. లోపలికి పోయాడు. వచ్చాడు. మొహంలో రక్తం లేదు.

"వంటింట్ల ఉన్నది సార్."

"వంటింట్లో ఏం చేస్తోంది?"

"ఉడుకుతాంది సార్."

నర్సింగమ్మ లోపలికి ఉరికింది, ఉరికినంత ఉరికింది. పొయ్యి ముందు ఉప్పలమ్మ చెమటలు తుడుచుకుంటూ నవ్వింది. "అత్తా, రొట్టెలు అయినయి. ఈ గుడాలే, గప్పట్నుంచి ఉడకనే ఉడుకుత లెవ్వు."

"ఏం పని జేసినవే పిల్లా! అవి గుడాలు గావే, మన బావి!"

ఉప్పలమ్మకు ఏడుపొచ్చింది. కానీ ఆకలితో ఉన్న మనిషి అరుగు మీద ఉన్నాడు, పొగ వాసన ఆయనదాకా పోయింది. ఇక పెట్టక తప్పదు. మోదుగాకుల విస్తరి వేసి, వేడి జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, గిన్నె నిండా కందిగుడాలు పెట్టారు. ఆయన మాట్లాడకుండా మూడు రొట్టెలు తిన్నారు.

"సార్, రోడ్డు గెలిచినట్టే గద? రెండు సంచులు!" అన్నాడు పటేల్.

"ఏవీ?"

"కొన్ని మీరు తిన్నరు సార్," అని రామచంద్రయ్య మెల్లగా చెప్పాడు. "మీరు తినేది రోడ్డే."

ఆయన చేతిలోని రొట్టెముక్కను చూసి కింద పెట్టారు. ఆ దారి చాలన్నట్టు గుడాల గిన్నె దగ్గరికి లాక్కొని, చారెడు నోట్లో వేసుకొని నమిలారు.

కటుక్కుమన్నది. వాడంతా వినబడింది. ఆయన దవడ పట్టుకున్నారు. చేతిలోకి ఉమ్మితే ఒక పన్ను ముక్క, దాని పక్కన ఒక కందిగింజ. పన్ను విరిగింది. గింజ మాత్రం నున్నగా, గుండ్రంగా, చెట్టు మీద నుంచి రాలినట్టే ఉన్నది.

"ఏమ్మా," అన్నారు నొప్పితో, "ఇవి ఎప్పుడు పొయ్యి మీద పెట్టావు?"

"పొద్దెక్కంగనే సార్," ఉప్పలమ్మ తలుపు పక్క నుంచి అన్నది. "ఊరి నీళ్లల్ల ఏం జేసినా ఉడకయి. తీపినీళ్లు మీకు తాగనీకి పెట్టిన."

పటేల్ నవ్వాడు. అక్కడే ఆయన దెబ్బతిన్నాడు. "నీళ్ల తప్పు గాదు సార్, వీళ్లకు వండరాదు. గీ ఊరి నీళ్లే గద మేము తాగేది. మా ఇంట్ల పప్పు వెన్న లెక్క ఉడుకుతది. నేను దినాం తింట."

ఆడవాళ్ల గుంపులో వెనక నిలబడ్డ అరుణమ్మ, ఇంతవరకు మగవాళ్ల ముందు నోరెత్తనిది, కొంగు సర్దుకొని ముందుకొచ్చింది. "నీ పప్పు ఏ నీళ్లతోటి ఉడుకుతాందో ఎర్కేనా? పదమూడేండ్లసంది దినామొక బిందె వాగు నీళ్లు మనింటికి వస్తున్నయి. ముందుగాల నర్సింగమ్మ మోసింది. ఆమె మోకాళ్లు పోయినంక ఈ కడుపుతోటి పిల్ల మోస్తాంది. నువ్వు ఊరి నీళ్ల పప్పు ఒక్కనాడు తినలే. రేపట్నుంచి తిను. నేను ఊరి నీళ్లతోనే వండుత."

పటేల్ గిన్నెలోని కందుల వైపు చూశాడు. తర్వాత బీడీవో చేతిలోని పన్ను ముక్క వైపు చూశాడు. తర్వాత తన దవడ ఒకసారి తడుముకున్నాడు.

బీడీవో గారు అప్పుడు మొదటిసారి తల ఎత్తి ఊరివాళ్లను చూశారు. నర్సింగమ్మ పండ్లు చూశారు. పోచయ్య వంగిన నడుము చూశారు. చివరికి "పెద్దమ్మా, నీకేం కావాలి?" అని అడిగారు.

పొద్దటి నుంచి నర్సింగమ్మ తిరుగుతున్నది ఆ మాట కోసమే. కోడలి కడుపు వైపు చేయి చూపింది. "అది లోపల ఉన్నది సార్. బయటికి వచ్చేలోపట తీపినీళ్ల బావి గావాలె. పటేల్ సెలకల ఊట పడతది."

"జాగా?" అన్నారు బీడీవో, పటేల్ వైపు తిరిగి.

పటేల్ అరుణమ్మ వైపు తిరిగాడు. అరుణమ్మ ఊరి బావి దిక్కు చూసింది.

"ఇస్త సార్," అన్నాడు పటేల్. "జల్దీ తవ్వుండ్రి. రేపట్నుంచే అంటాంది."

రామచంద్రయ్య కాయితం తీశాడు. "సార్, ఓట్ల లెక్క గడిల ఏమని రాయాలె? రోడ్డు తిన్నం, రేడియో ఎద్దు మేసింది..."

"బావి మిగిలింది అని రాయి," అన్నారు ఆయన, దవడకు తడిబట్ట పెట్టుకొని.

ఎండాకాలం మొదట్లో తవ్వడం మొదలైంది. ఊరంతా తలా ఒక చేయి వేసింది. కాటమయ్య గీసిన కల్లు అక్కడికే తెచ్చి పోసేవాడు, అందుకే మగవాళ్లు ఒక్కరోజూ నాగా పెట్టలేదు. రాళ్లు తోలే బండ్లకు బాట కావాలి కాబట్టి, ముందు వాగుదాకా బాట సాపు చేశారు. పటేల్ దానినే రోడ్డు అనుకొని తృప్తిపడ్డాడు. ఉప్పలమ్మ కన్న ఆడపిల్ల మాత్రం బావి కోసం ఆగలేదు, చైత్రంలోనే పుట్టింది. ఆమెకు అన్నం ముట్టించిన నాడు కొత్త బావి నీళ్లతో కందిపప్పు వండారు. బీడీవో గారు వచ్చారు. మొదట ఒక మెతుకంత పప్పు వేలితో నలిపి చూసి, అప్పుడు నోట్లో పెట్టుకున్నారు. మూడుసార్లు అడిగి పోయించుకున్నారు.

ఇగో, ఒకసారి నోరు తెరువు. చూడు, పాలగింజల్లా ఉన్నాయి నీ పండ్లు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నీ పిల్లలు అడిగితే ఈ ముచ్చట యాది పెట్టుకొని చెప్పు. కందుల దగ్గర తొందరపడకు, అరుణమ్మ మాట ఒక్కటీ విడిచిపెట్టకు. ఇంత చెప్పినాక, మన ఊరికి బావి వచ్చింది, బాట వచ్చింది, మరి రేడియో ఎందుకు రాలేదని వాళ్లు అడుగుతారు.

పటేల్ ఎద్దును అడగమను.